పిలవని పేరంటాళ్లు

వాట్సాప్, టెలిగ్రామ్‌లలో ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి ఎడతెగకుండా వచ్చే పలకరింపులు ఎక్కడ పుడుతున్నాయి? ఒకటి బ్లాక్ చేస్తే మరొకటి ఎందుకు వస్తోంది? వాటిని నిలువరించవలసింది ఎవరు?

తెలుగు రాష్ట్రాలలో ఏ ఇంటి స్మార్ట్‌ఫోను తెర చూసినా ఉదయపు వరుస దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. బంధువుల గ్రూపులో వచ్చిన శుభోదయపు బొమ్మకూ, బడివారు పంపిన ఫీజు గడువు సందేశానికీ నడుమ +62తోనో +84తోనో మొదలయ్యే నంబరు నుంచి ఒక 'హలో' వచ్చి ఉంటుంది. డీపీలో నవ్వుతున్న యువతి ఎవరో, ఆ నంబరు ఏ దేశానిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. దాని కిందనే, ఇంటి పట్టున ఉండి వీడియోలకు లైకులు కొడితే రోజుకు మూడు వేల రూపాయలు ఇస్తామనే 'హెచ్‌ఆర్ మేనేజర్', ఆ కింద రాత్రికి రాత్రి ఎవరో చేర్చేసిన షేర్ మార్కెట్ చిట్కాల గ్రూపు, మరికొంత కిందికి వెళితే ట్రాఫిక్ చలానా బకాయి ఉందంటూ పంపిన ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోనులోకి నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైలు, కనిపిస్తాయి. ఒక నంబరును బ్లాక్ చేసి ఫోను పక్కన పెట్టేలోగా మరొక నంబరు నుంచి అదే 'హలో' మళ్లీ వస్తుంది.

పిలవని పేరంటానికి వచ్చినవారు కాసేపు కూర్చుని తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోతారు గాని, ఈ అపరిచితులలో కొందరు ఇల్లు గుల్ల చేసి గాని వెళ్లరు. పార్లమెంటుకు కేంద్ర హోంశాఖ తెలిపిన లెక్క ప్రకారం 2023లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు కోల్పోయిన మొత్తం 7,465 కోట్ల రూపాయలు కాగా, 2024లో అది 22,845 కోట్లకు చేరింది. ఈ నష్టమంతా మెసేజింగ్ యాప్‌ల ద్వారానే జరిగిందని చెప్పలేము గాని, పెట్టుబడి మోసాలలోనూ, పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసాలలోనూ మొదటి అడుగు చాలావరకు అక్కడి అపరిచిత పలకరింపుతోనే పడుతోంది. ఈ బెడద ఇంతగా పెరగడానికి మూలకారణం ఒక్కటే: పలకరించేవారికి ఖర్చు దాదాపు శూన్యం కాగా, దానిని ఆపుకునే శ్రమ మొత్తం అందుకున్నవారి నెత్తిన పడింది.

ఐసీక్యూ కాలం నాటి పాఠం

ఈ సమస్య వాట్సాప్‌తో పుట్టినది కాదు. 1996లో ఇజ్రాయెల్‌కు చెందిన మిరాబిలిస్ సంస్థ విడుదల చేసిన ఐసీక్యూ అనే మెసెంజర్‌లో ప్రతి సభ్యునికీ ఒక వరుస సంఖ్య ఉండేది. ఎవరినైనా తన జాబితాలో చేర్చుకోదలచినవారు ముందుగా అనుమతి కోరుతూ ఒక చిన్న అభ్యర్థన పంపే ఏర్పాటు అందులో ఉండగా, దానితోపాటు రెండు ముక్కలు రాసే వీలు కూడా కల్పించారు. ప్రచారకర్తలు ఆ రెండు ముక్కల జాగాలోనే తమ ప్రకటనను ఇరికించారు. అభ్యర్థనను అవతలివారు తిరస్కరించినా ప్రకటన చదివించడమనే పని అప్పటికే పూర్తయ్యేది. సభ్యుల సంఖ్యలు వరుసగా ఉండడం వల్ల చిరునామాలు వెతుక్కోవలసిన అవసరం కూడా లేకపోయింది. ఒక చిన్న ప్రోగ్రాము అంకెలు లెక్కపెట్టుకుంటూ పోతే సరిపోయేది.

తరువాత వచ్చిన ఏఓఎల్, యాహూ, ఎంఎస్ఎన్ మెసెంజర్లనూ, 2003లో మొదలైన స్కైప్‌నూ ఇదే పీడ వెంటాడింది. 2005లో అమెరికాలో మైస్పేస్ సభ్యులకు దాదాపు 15 లక్షల అవాంఛిత సందేశాలు పంపిన 18 ఏళ్ల యువకుడిని అరెస్టు చేయడం అప్పట్లో పెద్ద వార్త అయింది. ఆ మెసెంజర్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి: యాహూ మెసెంజర్ 2018లో, ఐసీక్యూ 2024లో, స్కైప్ 2025లో సెలవు తీసుకున్నాయి. అవి మిగిల్చిన పాఠం మాత్రం నిలిచి ఉంది. అనుమతి అడిగే హక్కును ఎవరికైనా, ఎన్నిసార్లయినా, ఉచితంగా ఇస్తే ఆ అడగడమే ప్రకటనగా మారుతుంది.

ఫోన్ నంబరే చిరునామా అయ్యాక

2009లో వచ్చిన వాట్సాప్ కొత్త పేరు, కొత్త సంఖ్య అనే బాదరబందీ లేకుండా ఫోన్ నంబరునే చిరునామాగా తీసుకుంది. చదువు అంతగా లేనివారు కూడా ఆ యాప్‌ను సులువుగా అందుకోగలగడానికీ, భారతదేశంలో దాని వాడుకదారులు 50 కోట్లు దాటడానికీ ఈ సౌలభ్యం ఒక ముఖ్య కారణం. అయితే భారత్‌లో మొబైల్ నంబరు పది అంకెలది, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతుంది గనుక, ఐసీక్యూ సంఖ్యల మాదిరిగానే ఊహించి లెక్కపెట్టగలిగేది. ఒక నంబరుకు వాట్సాప్ ఉందో లేదో చెప్పే 'కాంటాక్ట్ డిస్కవరీ' అనే ఏర్పాటు, అంటే ఫోనులోని నంబర్ల జాబితాను సంస్థ సర్వర్‌తో సరిచూసే ప్రక్రియ, ఈ పనిని మరింత తేలిక చేసింది. వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మార్గంలో గంటకు 10 కోట్లకు పైగా నంబర్లను సరిచూసి, ప్రపంచవ్యాప్తంగా 350 కోట్ల ఖాతాలను గుర్తించగలిగామని 2025 నవంబరులో వెల్లడించారు. వారి హెచ్చరిక తరువాత సంస్థ ఆ వేగానికి కళ్లెం వేసింది.

ఊహించే శ్రమ కూడా పడనక్కరలేని మార్గం మరొకటి ఉంది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు దాదాపు 16.8 కోట్ల మంది వివరాలను అమ్ముకుంటున్న ముఠాను పట్టుకోగా, కొద్ది రోజులకే 66.9 కోట్ల మంది వివరాలు ఉన్న మరొక వ్యక్తి దొరికాడు. ఇటువంటి జాబితాలలో నంబరుతోపాటు పేరు, వృత్తి, ఊరు కూడా ఉంటే మోసగాడు ఎవరికి ఏ వల వేయాలో ముందే తేల్చుకోగలుగుతాడు. ఉద్యోగాల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకున్న పట్టభద్రునికి ఉద్యోగం పేరిటా, డీమ్యాట్ ఖాతా ఉన్న ఉద్యోగికి షేర్ల పేరిటా, పింఛనుదారుకు బ్యాంకు కేవైసీ పేరిటా పలకరింపు రావడం వెనుక కాకతాళీయం తక్కువ.

ఎస్సెమ్మెస్ నుంచి సాగిన వలస

టెలిమార్కెటింగ్ ఫోన్లను అరికట్టడానికి దేశంలో 2007లో 'డు నాట్ కాల్' జాబితా మొదలైంది. 2010లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మరింత కఠినమైన నిబంధనలు తెచ్చింది. 2018 నిబంధనలతో వాణిజ్య ఎస్సెమ్మెస్ పంపే ప్రతి సంస్థా తన పేరును, సందేశపు నమూనాను ముందుగానే నమోదు చేయించుకోవడం తప్పనిసరి అయింది. 2024 అక్టోబరు నుంచి ముందుగా నమోదు కాని లింకులున్న సందేశాలకు అడ్డుకట్ట పడింది. 2025 ఫిబ్రవరి సవరణ అవాంఛిత కాల్ లేదా ఎస్సెమ్మెస్‌పై ఫిర్యాదు చేసే గడువును మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెంచింది.

ఈ కట్టడి అంతా టెలికాం కంపెనీల తీగల మీద నడిచే కాల్స్‌కూ, ఎస్సెమ్మెస్‌లకూ వర్తిస్తుంది గాని, ఇంటర్నెట్ మీద నడిచే వాట్సాప్, టెలిగ్రామ్ సందేశాలకు వర్తించదు. ఒకవైపు తలుపులు బిగిసేకొద్దీ ప్రచారమూ, మోసమూ రెండవ వైపుకు మళ్లాయి. 2023 మే నెలలో ఇథియోపియా, కెన్యా, ఇండోనేషియా, మలేషియా, వియత్నాం దేశాల కోడ్‌లతో వాట్సాప్ కాల్స్ భారతీయులను ముంచెత్తినప్పుడు కేంద్ర ప్రభుత్వం స్పందించవలసి వచ్చింది. అపరిచితుల కాల్స్‌ను మోగకుండా చేసే అమరికను వాట్సాప్ మరుసటి నెలలో విడుదల చేసింది.

బాక్సు: అంకెలలో బెడద

- 2025 జనవరిలో వాట్సాప్ భారత్‌లో నిషేధించిన ఖాతాలు: 99 లక్షలకు పైగా.
- 2025 తొలి ఆరు నెలలలో మోసాల కేంద్రాలతో సంబంధం ఉన్నవిగా గుర్తించి ప్రపంచవ్యాప్తంగా ఆ సంస్థ తొలగించిన ఖాతాలు: 68 లక్షలు.
- 2024 జనవరి–ఏప్రిల్ మధ్య ట్రేడింగ్ మోసాలలో భారతీయులు పోగొట్టుకున్న సొమ్ము: 1,420 కోట్ల రూపాయలు.
- ఆ నాలుగు నెలల సైబర్ మోసాలన్నిటిలో కంబోడియా, మయన్మార్, లావోస్ నుంచి నడిచినవి: సుమారు 46 శాతం.

'హలో' వెనుక కూలీలు

ఒకే రోజున వేలమందికి ఒకే మాట పంపుతున్న చేయి ఎవరిదన్న ప్రశ్నకు విశాఖపట్నంలో ఒక సమాధానం దొరికింది. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలున్నాయని నమ్మించి ఉత్తరాంధ్ర యువకులను అక్కడి మోసాల కేంద్రాలకు చేరవేస్తున్న ఏజెంట్లను 2024 మే నెలలో ఆ నగర పోలీసులు అరెస్టు చేశారు. అక్కడికి చేరాక పాస్‌పోర్టులు లాక్కుని, నిరాకరించినవారిని హింసించి, తోటి భారతీయులనే ఆన్‌లైన్‌లో మోసగించే పనికి వారిని కూర్చోబెట్టారు. తిరగబడినవారిలో కొందరు ఆ నెలలోనే స్వస్థలానికి తిరిగి రాగలిగారు. మయన్మార్‌లోని మయవాడి ప్రాంతపు కేంద్రాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను 2025 మార్చిలో వైమానిక దళ విమానాలలో థాయ్‌లాండ్ మీదుగా స్వదేశానికి తీసుకువచ్చారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది ఇలా బలవంతంగా మోసాలు చేయవలసిన స్థితిలో ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో పేర్కొంది.

ఈ కేంద్రాలకు తెలుగు, హిందీ, తమిళం మాట్లాడేవారు ఎందుకు కావలసి వచ్చారో ఊహించడం కష్టం కాదు. అనువాద యంత్రం రాసిన పలకరింపుకు జవాబివ్వని మనిషి, 'బాగున్నారా అండీ, పొరపాటున మీ నంబరుకు వచ్చింది' అన్న సొంత భాషలోని మాటకు మర్యాద కోసమైనా ఒక జవాబు ఇస్తాడు. ఆ జవాబుతో ఆ నంబరు వాడుకలో ఉన్నదని, దాని వెనుక మాట కలిపే మనిషి ఉన్నాడని తేలిపోతుంది.

జవాబు ఇచ్చాక జరిగేది

2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసం ఈ ప్రక్రియకు స్పష్టమైన నమూనా. దేశవ్యాప్తంగా సుమారు 15,000 మంది బాధితులున్న ఆ వ్యవహారంలో, పార్ట్‌టైమ్ పని ఉందంటూ మెసేజింగ్ యాప్‌లలో పలకరించి, రేటింగులూ రివ్యూలూ ఇవ్వడం వంటి చిన్న పనులు అప్పగించారు. మొదట కొద్దిపాటి లాభం నిజంగానే చెల్లించి నమ్మకం కుదిర్చాక, పెద్ద మొత్తాలు కట్టించుకుని మాయమయ్యారు. షేర్ మార్కెట్ గ్రూపులలోనూ ఇదే వరస నడుస్తుంది: గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే వందమందిలో చాలామంది ఒకే ముఠాకు చెందినవారు కాగా, యాప్‌లో పెరుగుతున్నట్టు కనిపించే లాభం తెర మీది అంకె మాత్రమే.

ఈ దాడి అందరి మీదా ఒకేలా పడదు. నిరుద్యోగికి ఆశ రూపంలోనూ, పిల్లలు విదేశాలలో ఉన్న ఒంటరి వృద్ధులకు ఆత్మీయత రూపంలోనూ ఎదురయ్యే పలకరింపు, మహిళలకు వేధింపు రూపంలో ఎదురవుతుంది. అసభ్య చిత్రాలు, అర్ధరాత్రి వీడియో కాల్స్, ఒక నంబరును అడ్డుకుంటే మరొక నంబరు నుంచి అదే వ్యక్తి రావడం వంటివి పరిపాటి అయినా, ఇంట్లో చెబితే ఫోను తీసేసుకుంటారన్న భయంతో చాలామంది బయటపెట్టరు. నగ్న వీడియో కాల్ చేసి, ఎత్తినవారి ముఖాన్ని రికార్డు చేసి బెదిరించే ముఠాలకు చిక్కిన పురుషులు కూడా ఆ సిగ్గుతోనే మౌనంగా డబ్బు కడతారు.

అపరిచితులందరినీ అడ్డుకునే వీలు లేని వర్గం కూడా ఒకటుంది. ఏసీ మెకానిక్, దర్జీ, ట్యూషన్ మాస్టారు, పచ్చళ్లు తయారుచేసి అమ్మే గృహిణి, రక్తదాతల గ్రూపు నడిపే యువకుడు తమ నంబరును బోర్డు మీద రాసి పెట్టుకుంటారు. వారికి తెలియని నంబరు అంటే రేపటి గిరాకీ, లేదా ఆపదలో ఉన్న మనిషి. అన్‌నోన్ నంబర్లు ఎత్తకండి అనే సలహా వారి విషయంలో జీవనోపాధిని వదులుకోమనే సలహాగా మారుతుంది.

బ్లాక్ చేస్తే ఎందుకు ఆగదు

బ్లాక్ అనేది ఒక ఫోనుకూ ఒక ఖాతాకూ మధ్య జరిగే వ్యవహారం. అడ్డుకున్న ఖాతా ఆ ఒక్కరికి దూరమవుతుంది గాని, తక్కిన లక్షల మందిని పలకరిస్తూనే ఉంటుంది. మోసగాడి చేతిలో అక్రమంగా తీసుకున్న సిమ్‌లూ, ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే వర్చువల్ నంబర్లూ పదుల కొద్దీ ఉంటాయి. దీనికి భిన్నంగా 'రిపోర్ట్' అనేది సంస్థకు చేసే ఫిర్యాదు. వాట్సాప్‌లో రిపోర్ట్ చేసినప్పుడు ఆ నంబరు నుంచి వచ్చిన చివరి ఐదు సందేశాలు సంస్థకు చేరతాయి, ఫిర్యాదు సంగతి అవతలివారికి తెలియదు.

ఈ ఫిర్యాదుకు అంత విలువ ఉండడానికి సాంకేతిక కారణముంది. 2016 నుంచి వాట్సాప్ సందేశాలన్నిటికీ 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్', అంటే పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో సంస్థ కూడా చదవలేని రహస్య లిపి, వర్తిస్తోంది. అందువల్ల సందేశంలో ఏముందో చూసి మోసాన్ని పట్టడం సంస్థకు సాధ్యం కాదు. కొత్త ఖాతా ఎంత వేగంగా ఎంతమంది అపరిచితులకు రాస్తోంది, వారిలో ఎందరు బ్లాక్ చేస్తున్నారు, ఎందరు రిపోర్ట్ చేస్తున్నారు అన్న నడవడిని బట్టే నిర్ణయం తీసుకోవాలి. రిపోర్ట్ చేయకుండా బ్లాక్‌తో సరిపెట్టుకుంటే, అందుకున్నవారు ఆ ఖాతాపై సంస్థకు అందగల ముఖ్యమైన సాక్ష్యాన్ని అందించకుండా వదిలేసినట్టే.

బాక్సు: ఇంట్లో అందరి ఫోన్లలో చేసుకోదగిన అమరికలు

- వాట్సాప్ ప్రైవసీ విభాగంలో 'గ్రూప్స్'ను 'మై కాంటాక్ట్స్'కు మారిస్తే, అపరిచితులు నేరుగా గ్రూపులో చేర్చలేరు. ఆహ్వానం మాత్రమే పంపగలరు.
- అక్కడే 'కాల్స్'లో 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' పెట్టుకుంటే కాల్ మోగదు గాని జాబితాలో కనిపిస్తుంది కాబట్టి, అవసరమైనది ఉంటే తిరిగి చేసుకోవచ్చు.
- 'అడ్వాన్స్‌డ్'లో అపరిచిత ఖాతాల సందేశాలు హద్దు మీరినప్పుడు అడ్డుకునే అమరికను ఎంచుకోవచ్చు.
- డీపీ, లాస్ట్ సీన్ కాంటాక్టులకే కనిపించేలా ఉంచుకోవాలి. టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కనిపించకుండా, ఇతరులు గ్రూపులలో చేర్చకుండా ప్రైవసీలో మార్చుకోవాలి.
- జవాబు రాయకుండా, లింకు తెరవకుండా, ముందు రిపోర్ట్, ఆపై బ్లాక్ చేయాలి. ఏపీకే ఫైలును ఎవరు పంపినా ఎక్కించుకోరాదు; తెలిసినవారి ఖాతా హ్యాకై దాని నుంచే రావచ్చు.
- వ్యాపారులు బోర్డుకు ఒక నంబరు, బ్యాంకుకూ ఇంటికీ మరొక నంబరు వాడడం మేలు.
- డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. డబ్బు పోకముందే అనుమానం వస్తే 'సంచార్ సాథీ'లోని 'చక్షు' విభాగంలో వాట్సాప్ సందేశాలపైనా ఫిర్యాదు చేయవచ్చు.

చట్టం ఎంతవరకు వచ్చింది

ఆస్ట్రేలియా 2003లోనే ఈమెయిల్, ఎస్సెమ్మెస్‌లతోపాటు ఇన్‌స్టంట్ మెసేజ్‌లకు కూడా వర్తించే స్పామ్ చట్టం చేసింది. భారత్‌లో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌లో చికాకు కలిగించే ఎలక్ట్రానిక్ సందేశాల ప్రస్తావన ఉండేది గాని, భావప్రకటన స్వేచ్ఛకు భంగకరమని సుప్రీంకోర్టు 2015 మార్చిలో ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టివేసింది. ప్రస్తుతం వేరొకరిగా నటించి మోసగిస్తే ఐటీ చట్టంలోని 66డీ సెక్షన్, ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా ఒక మహిళను పురుషుడు పదేపదే సంప్రదిస్తే భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ వర్తిస్తాయి. రెండవదాని కింద తొలి నేరానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మోసమూ వేధింపూ కాని వట్టి ప్రకటనల పీడ మాత్రం ఈ రెంటికీ అందకుండా జారిపోతుంది.

సిమ్‌ల వైపు నుంచి కొంత గట్టి ప్రయత్నం సాగుతోంది. ఒకరి పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకునే 'టాఫ్‌కాప్' పోర్టల్ 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే అందుబాటులోకి వచ్చి, తరువాత దేశమంతటికీ విస్తరించింది. తన పేరు మీద తెలియని సిమ్ ఏదైనా కనిపిస్తే అక్కడే తెలియజేయవచ్చు. చాలా రాష్ట్రాలలో ఒకరికి తొమ్మిది సిమ్‌ల పరిమితి ఉంది, దానిని దాటితే 2023 టెలికాం చట్టం ప్రకారం తొలిసారి 50,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. 2025 నవంబరులో టెలికాం శాఖ మరొక అడుగు వేసి, ఖాతా తెరిచిన సిమ్ ఫోనులో ఉంటేనే మెసేజింగ్ యాప్ పనిచేయాలని ఆదేశించింది. దేశీయ సిమ్‌తో ఖాతా తెరిచి విదేశం నుంచి నడిపే ముఠాలకు ఇది ఇబ్బందే అయినా, విదేశీ నంబర్లతో వచ్చేవారిని అది తాకదు. పైగా ఊరి నంబరు మీదే వాట్సాప్ కొనసాగిస్తూ, పాత సిమ్‌ను తీసి పక్కన పెట్టిన ప్రవాస తెలుగువారికి కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది.

భారం మారవలసిన దిక్కు

యాప్ సంస్థలకు అడ్డుకట్ట వేయడం చేతకాదని చెప్పడానికి వీలులేదు. వదంతుల వల్ల దేశంలో మూకదాడులు జరిగిన 2018లో ఫార్వర్డ్‌లను ఒకసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేయడం, 2020లో అతిగా తిరిగిన సందేశాన్ని ఒక్క చాట్‌కే కుదించడం వంటి చర్యలు సందేశాన్ని చదవకుండానే పంపేవారి వేగాన్ని తగ్గించవచ్చునని రుజువు చేశాయి. అపరిచితులకు పంపే తొలి సందేశాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది: జవాబు రాని పలకరింపులకు నెలవారీ పరిమితి, కొత్త ఖాతాకు కొంతకాలం కట్టడి, తొలి సందేశంలో లింకులకూ ఫైళ్లకూ నిషేధం వంటి ఏర్పాట్లు ఒక్క గిరాకీ కోసం రాసే మనిషిని ఇబ్బంది పెట్టవు గాని, రోజుకు వేలమందిని పలకరించే వ్యాపారాన్ని మాత్రం గిట్టుబాటు కాకుండా చేస్తాయి.

పై బాక్సులోని అమరికలు చాలావరకు ఇప్పటికే యాప్‌లలో ఉన్నాయి గాని, వాటిని వెతికి పట్టుకుని మార్చుకోవలసిన పని వాడుకదారుకే వదిలేశారు. చదువుకున్న ఉద్యోగి పది నిమిషాలలో చేసుకోగల ఆ పని, అందరికంటే ఎక్కువగా మోసపోయే అవకాశమున్న డెబ్బై ఏళ్ల పింఛనుదారుకు అందదు. కొత్తగా యాప్ ఎక్కించుకున్న రోజునే ఈ రక్షణలన్నీ అమలులో ఉండి, అపరిచితులతో పని ఉన్నవారు మాత్రం తమంతట తాము వాటిని సడలించుకునే పద్ధతి రావాలి. చర్య తీసుకోవడానికి ఖాతాలు లక్షల సంఖ్యలో ఫిర్యాదులపాలయ్యే దాకా ఆగనవసరం లేదు. తొలి అమరికను మార్చే అధికారం సంస్థల చేతిలో ఇవాళే ఉంది, ఆ పని చేయించే అధికారం ప్రభుత్వానికి ఉంది.